దొంగ పంటినొప్పి

కూతురు పిచ్చుకకు కింది పన్ను కదులుతోందని తెలిసినప్పటి నుంచి గాభరమ్మకు కంటి మీద కునుకు లేదు. ఆరేళ్ల పిల్లకు పాలపన్ను ఊడటం వింతేమీ కాదు. కానీ ఊడిన పన్ను నిద్రలో గొంతుకు అడ్డం పడితే? అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి జారితే? ఆవిడ ఊహ ఎప్పుడూ ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లిగానీ ఆగదు. గాభరమ్మ అని పేరు పెట్టింది మొగుడే.

ఆయన పన్నుల ఆఫీసులో గుమాస్తా. "ఊరందరి దగ్గరా పన్నులు రాబడతారు. ఇంట్లో ఈ ఒక్క పన్ను రాబట్టలేరా?" అని ఆవిడ నిలదీసింది. గడువు రాకుండా వసూలు చేసే అధికారం తనకు లేదంటూ ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఏమైనా సరే, రాత్రి పిల్ల పడుకునేలోగా ఆ పన్ను బయటికి రావాలి. పళ్ల డాక్టరు పేరెత్తితే పిచ్చుక మంచం కిందికి దూరుతుంది. ఆ రోజు సెలవు. అందుకని పొద్దున్నే గాభరమ్మ చెంపకు తువ్వాలు కట్టుకుని మూలగడం మొదలుపెట్టింది. నొప్పి తనకేనని, డాక్టరు దగ్గరికి తోడు రమ్మని కూతుర్ని బతిమాలింది. అక్కడికి చేరాక పనిలో పనిగా పిల్ల నోరు కూడా చూపించేస్తే సరి. ఈ ఎత్తు మొగుడికి ముందే చెప్పి, ఆయన్నీ వెంట రమ్మంది.

మూలుగు బాగా కుదిరింది. కాస్త ఎక్కువే కుదిరింది. పిచ్చుక ఆటలు మానేసి తల్లిని కనిపెట్టుకుని కూర్చుంది. ఏ పేచీ లేకుండా తన అన్నం తనే తినేసింది.

సాయంత్రం డాక్టరుగారి ముందు గాభరమ్మ కళ్లతోనే పిల్లను చూపించి సైగలు చేసింది. కళ్లు తేలేస్తోందనుకుని డాక్టరు కంగారుపడింది. పిచ్చుక తల్లి చెయ్యి పట్టుకుని లాగింది.

"కుర్చీ ఎక్కమ్మా. నేనున్నాగా."

ఎక్కకపోతే ఎత్తు చెడుతుంది. ఎక్కింది. డాక్టరు చిన్న అద్దం లోపలికి పెట్టి వెనక పన్నొకటి తట్టగానే ప్రాణం జివ్వుమంది.

"పూర్తిగా పుచ్చిపోయింది. ఇన్నాళ్లూ ఎలా ఓర్చుకున్నారమ్మా?"

గాభరమ్మ దిక్కుతోచని చూపు మొగుడి మీదికి పోయింది. అంతా తెలిసిన మనిషి, ఒక్క మాటతో కాపాడగలడు.

"తీసెయ్యండి డాక్టరుగారూ. పొద్దున్నుంచీ పాపం ఒకటే మూలుగు" అన్నాడాయన.

ఇప్పుడు దిగి పరిగెత్తితే కూతురు ఈ జన్మలో ఆ కుర్చీ ఎక్కదు. కళ్లు గట్టిగా మూసుకుంది. సూది దిగింది. కాసేపటికి పన్ను పళ్లెంలో ఠంగుమంది.

నోటినిండా దూదితో, కారుతున్న కన్నీళ్లతో గాభరమ్మ కూతురి వైపు వేలు చూపించింది. ఇంత బాధా ఎందుకు పడిందో ఆ పనైనా కావాలి కదా. డాక్టరుకు అప్పటికి అర్థమై, పాపను నోరు తెరవమంది. పిచ్చుక బెరుకు లేకుండా తెరిచింది. కదిలే పన్ను ఉండాల్సిన చోట ఖాళీ.

"పన్నేదమ్మా?"

"మధ్యాహ్నం అన్నంతో మింగేశా. అమ్మకు నొప్పి కదా, చెబితే ఇంకా ఏడుస్తుందని చెప్పలేదు."

గాభరమ్మ కుర్చీలోంచి సగం లేచి, పిల్ల గొంతూ వీపూ పొట్టా తడుముతూ దూది వెనక నుంచి ఏదేదో అరిచింది. అది కడుపులోకి పోయిందని, దానంతటదే బయటికి వస్తుందని డాక్టరు చెబుతూనే ఉంది. అరుపు ఆగలేదు. ఆవిడ ఏమంటోందని డాక్టరు చివరికి పిచ్చుకనే అడిగింది.

పిచ్చుక తల్లి చెంప నిమిరింది.

"నొప్పి తగ్గలేదంట. పక్క పన్ను కూడా తీసెయ్యమంటోంది."

గాభరమ్మ టక్కున నోరు మూసుకుని కుర్చీ దిగింది.