తొండ తీసిన డేగ ఫొటో

ఒక పెద్ద అడవిలో ఫిర్యాదుల కార్యాలయం ఒకటి ఉండేది. ఫిర్యాదులు ఎందుకు తీసుకోకూడదో చెప్పడానికే దాన్ని పెట్టారు. దానికి అధికారి గంగాధరం అనే బోదురుకప్ప.

ఒకరోజు అక్కడికి నూకరాజు అనే తొండ వచ్చాడు. వాళ్ల చింతచెట్టు మీదికి పావురమంత డేగ ఒకటి కాపురానికొచ్చింది. వారం తిరక్కుండా నూకరాజు బావమరిదిని ఎత్తుకుపోయింది. ఇంట్లో ఇంకా పరుగైనా సరిగ్గా రాని పిల్లలున్నారు. ఫిర్యాదు తీసుకుంటే చెట్టు మీద కొండముచ్చును కాపలా పెడతారని, డేగ కనబడగానే అది కేక వేస్తుందని అతని ఆశ.

“డేగ ఉందనడానికి ఆధారం ఏదయ్యా?” అన్నాడు గంగాధరం. “ఫొటో పట్రా. కన్నూ ముక్కూ స్పష్టంగా ఉండాలి.”

అడవి చూడ్డానికొచ్చినవాళ్లు మరిచిపోయిన కెమెరా ఒకటి కార్యాలయంలో ఉంటే, అది ఇచ్చి పంపాడు. నూకరాజు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పొదలో నక్కాడు. డేగ ఎండ కాసే కొమ్మ మీద కూర్చుని, ముక్కు అటూ ఇటూ రాసుకుని, ఎర్రటి కన్నుతో కిందికి చూస్తోంది. రొమ్ము మీద చారలు ముచ్చటగా ఉన్నాయి. చంపేదానికి అంత అందం దేనికని నూకరాజుకు కోపమొచ్చింది.

తీరా ఫొటో చూస్తే పొగ తప్ప ఏమీ లేదు. తొండ తల ఊపకుండా ఉండలేడు కదా, పుట్టుబుద్ధి. తలతోపాటు కెమెరా కూడా ఊగింది.

ఇది డేగా మబ్బా అని గంగాధరం వెనక్కిచ్చాడు. ఇంకోటి తీసి పట్టుకెళ్తే, పక్కన ఎవరూ లేకుండా పిట్ట చిన్నదో పెద్దదో ఎలా తెలుస్తుందన్నాడు. డేగ పక్కన బాధితుడొకడు నిలబడాలన్నాడు.

నూకరాజుకు ఒళ్లు మండింది. అలా నిలబడ్డవాడు ఫిర్యాదు చేయడానికి తిరిగొస్తాడా అని అడగబోయాడు. ఈలోగా తల ఊగింది. ఒప్పుకున్నాడని గంగాధరం రాసేసుకున్నాడు.

“తమరే ఒకసారి వచ్చి ఎలా నిలబడాలో చూపిస్తే నేర్చుకుంటానండీ,” అన్నాడు నూకరాజు.

ఆ అడవిలో మొక్క నాటినా, గుంట పూడ్చినా ఫొటో మధ్యలో గంగాధరమే ఉండాలి. ఇంకొకరుంటే ఆయనకు నిద్ర పట్టదు. అందుకని మెడ లేకపోయినా పూలదండ వేసుకుని మరీ తనిఖీకి బయల్దేరాడు.

చింతచెట్టు కింద బండ మీద నిలబడి పొట్ట లోపలికి పీల్చాడు.

“నా ఎడమ వైపు బాగుంటుంది. డేగ కూడా వచ్చేలా చూడు,” అన్నాడు.

డేగ వచ్చింది.

నూకరాజు భయంతో కొయ్యబారిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతని తల ఊగడం ఆగింది. వేలు మాత్రం దానంతటదే కెమెరా నొక్కింది. డేగ గంగాధరాన్ని మోయలేక మోయలేక మోసుకుపోయింది.

కార్యాలయంలో గుమస్తా తాబేలు ఆ ఫొటోను తిప్పి తిప్పి చూశాడు. డేగ కన్నూ ముక్కూ సరే, పూలదండలో ప్రతి రేకూ తెలుస్తోంది. పక్కన బాధితుడూ ఉన్నాడు.

“అన్నీ సరిగ్గా ఉన్నాయి నూకరాజూ,” అని నిట్టూర్చాడు. “సంతకం పెట్టాల్సినాయనే ఫొటోలో ఉండిపోయారు.”

మర్నాడు ఇంకో కప్ప అధికారిగా వచ్చాడు. గోడ మీద ఆ ఫొటో చూసి, కుర్చీలో కూర్చోకముందే కొండముచ్చును కాపలా పెట్టించాడు. చింతచెట్టుకు కాదు, కార్యాలయానికి.

నూకరాజు సరేనని తల ఊపి, సాయంత్రానికల్లా పెళ్లాం పిల్లలతో కార్యాలయం గోడ సందులోకి కాపురం మార్చేశాడు.

నీతి: ఆధారం స్పష్టంగా ఉండాలంటే అందులో అధికారి ఉండాలి.