కష్టాలు లేని రోడ్డు

తెల్లాపూర్ నుంచి రాయదుర్గం దాకా లారీ డ్రైవర్లకు ఇక మీదట ఎలాంటి కష్టమూ ఉండబోదని రహదారి సౌకర్యాల స్పెషల్ ఆఫీసర్ రామచంద్రం గారు గచ్చిబౌలిలో కుర్చీ మీద నిలబడి ప్రకటించారు. నేల మీద నిలబడితే వెనక ఉన్నవాళ్లకు కనిపించరు. ఆయన కాస్త పొట్టి. ప్రకటన మాత్రం బాగా పొడుగు. పాత నవాబు సర్కారు పోయి ఏడాది దాటిందనీ, కొత్త సర్కారుకు లారీ డ్రైవరు కన్నబిడ్డతో సమానమనీ, ఆ బిడ్డ కష్టాన్ని కాగితాల్లో చదవడం తనకు ఇష్టం లేదనీ, స్వయంగా లారీ ఎక్కి, ప్రతి కష్టాన్నీ కళ్లారా చూసి, చూసిన చోటే తీసేస్తాననీ సెలవిచ్చారు.

జనం చప్పట్లు కొట్టారు. ఐలయ్య కూడా కొట్టాడు. ఆ రోడ్డు మీద రోజూ లారీ నడిపేది తనొక్కడే కనక ఆ కన్నబిడ్డ తనేనని అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

ఐలయ్య లారీ యుద్ధంలో పనిచేసి రిటైరైన లారీ. పెట్రోలు దొరక్క లారీ యజమాని సేటు దానికి ఒక బొగ్గు డ్రమ్ము బిగించాడు. పొద్దున్నే డ్రమ్ములో బొగ్గులు రాజేసి, దాని గ్యాసు ఇంజనుకు ఎక్కేదాకా విసురుతూ కూర్చోవాలి. ఎత్తు వస్తే లారీ ఆయాసపడి ఆగిపోతుంది. అప్పుడు దిగి, టైరు కింద రాయి పెట్టి, బొగ్గులు కదిలించి, మళ్లీ బతిమాలాలి. ఇది లారీ వల్ల కష్టం. రోడ్డు వల్ల కష్టం గుంతలు. సర్కారు వల్ల కష్టం గచ్చిబౌలి నాకా. అక్కడి జవాను బాలనర్సయ్య ఏ లోడు వచ్చినా అడ్డకట్టె దించి, అందులో ఒక గంప తన ఇంటికి చేరేదాకా ఎత్తేవాడు కాదు.

అది సీతాఫలాల కాలం. తెల్లాపూర్ సత్తెమ్మ గుట్టలన్నీ తిరిగి పండ్లు ఏరించి, గంపలకెత్తించి, ఐలయ్య లారీలో మోజంజాహీ మార్కెట్‌కు తోలేది. సీతాఫలం మర్యాద తెలియని పండు. పొద్దున రాయిలా ఉంటుంది, ఎండ తగిలితే సాయంత్రానికి జావ. పోయిన వారం ఒక లోడు దారిలోనే జావైంది. అప్పుడు సత్తెమ్మ ఐలయ్యతో నిమ్మళంగా చెప్పింది.

"బిడ్డా, ఇంకో లోడు గిట్లయితే ఎడ్లబండ్లు మాట్లాడుకుంట. నిన్నేమనను. నీ తప్పేంలేదు. గని పండ్లకు తెల్వదు గద."

సత్తెమ్మ బేరం పోతే సేటు లారీ తాళం ఇంకొకడి చేతిలో పెడతాడు. అందుకే ఆఫీసరు గారు లారీ ఎక్కుతారంటే ఐలయ్య నిజంగా సంతోషించాడు. డ్రమ్ము తుడిచాడు. సీటు మీద తన పెండ్లి దుప్పటి పరిచాడు.

ఆ శుక్రవారం పొద్దున్నే బయల్దేరాలి. రామచంద్రం గారు ఎండ ముదిరాక వచ్చారు. వెంట జీపు, జీపులో ఓవర్సీరు లింగమూర్తి, ఫోటోలు తీసే వీరేశం, మంచినీళ్ల కూజా. ఆయన ముందు ఐలయ్య పక్కన, సత్తెమ్మ పైన గంపల నడుమ కూర్చున్నారు. లారీ కదిలింది.

కదిలి, సాఫీగా పోయింది. రోడ్డు మీద గుంత లేదు. అన్నీ రాత్రికి రాత్రి మొరంతో పూడ్చేశారు. గచ్చిబౌలి వచ్చింది. అడ్డకట్టె పైకెత్తి, మామిడాకులు కట్టి ఉంది. బాలనర్సయ్య సెల్యూట్ కొట్టి, పొమ్మని చెయ్యూపాడు. ఐలయ్య జన్మలో ఆ రోడ్డు మీద మూడో గేరు వెయ్యలేదు. ఇవాళ వేశాడు. ఈలలాంటిదేదో అతని పెదాల మీదికి వచ్చింది.

రామచంద్రం గారి ముఖం మాత్రం చిన్నబోయింది.

"ఆపవయ్యా," అన్నారు. "కష్టం ఏదీ?"

"ఇయ్యాల లేదు సార్. మీరొస్తున్నరని అన్నీ తీసేసిండ్రు."

"ముందే తీసేస్తే నేనేం చూడాలి? చూడకుండా నేనేం తీయాలి?"

లింగమూర్తిని పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని, పొరపాటైందండీ, ఇప్పుడే సరిచేయిస్తానండీ అన్నాడు. లారీని వెనక్కి తిప్పించారు. కూలీలు వచ్చి పూడ్చిన గుంతల్లో పెద్దదాన్ని మళ్లీ తవ్వారు.

"ఎంత లోతండీ?" అని లింగమూర్తి అడిగాడు.

"సహజంగా ఉండాలి," అన్నారు రామచంద్రం గారు.

సహజత్వం కోసం మరికొంచెం తవ్వారు. లారీని అందులోకి దింపమన్నారు. దింపితే ఇరుసు దాకా దిగిపోయింది. రామచంద్రం గారు పార పట్టుకుని ఒక పారెడు మొరం ఎత్తారు. వీరేశం ఫోటో తీశాడు. ఆయన కళ్లు మూసుకున్నారని ఇంకొకటి తీశాడు. తర్వాత లారీని పైకి లాగడానికి ఊళ్లోంచి ఎడ్లను తెచ్చారు. పైన గంపలు ఒరిగితే సత్తెమ్మ చీర కొంగుతో కొన్ని, ఒళ్లో కొన్ని కాపాడింది.

తర్వాత నాకా. మామిడాకులు విప్పి అడ్డకట్టె దించారు. బాలనర్సయ్యను, రోజూ ఎలా చేస్తావో అలా చెయ్యమన్నారు.

బాలనర్సయ్య సిగ్గుపడ్డాడు. "నేనెన్నడు ఎవ్వర్ని ఆపలె సార్. నాకు చాతగాదు."

"ప్రయత్నించు. దేశం కోసం."

"ఆగు," అన్నాడు బాలనర్సయ్య, చాలా మెల్లగా.

పైనుంచి సత్తెమ్మ వింటోంది. ఆమెకు ఓపిక నశించింది. "గట్లనవు గద నువ్వు. ముందుగాల డ్రైవర్ని దిగుమంటవు. ఎండల నిలవెడ్తవు. తర్వాత గంప దించుమంటవు. జల్ది కానియ్యి, పండు మెత్తవడుతున్నది."

అలా అందించాక బాలనర్సయ్యకు దారి దొరికింది. ఐలయ్యను దింపాడు. ఎండలో నిలబెట్టాడు. "ఏందిరా, సర్కారు రోడ్డంటె మీ అయ్యదా" అన్నాడు. ఒక గంప దించాడు. ఊపులో ఇంకొకటి దించాడు. అంత బాగా చేస్తాడని అక్కడ ఎవరూ అనుకోలేదు. అప్పుడు రామచంద్రం గారు ముందుకొచ్చి, ఈ దౌర్జన్యం ఇక సాగదని గట్టిగా అన్నారు. బాలనర్సయ్య సెల్యూట్ కొట్టాడు. వీరేశం ఫోటో తీశాడు.

ఐలయ్య గంపలు ఎత్తబోతే లింగమూర్తి ఆపాడు. "అవి సాక్ష్యం. జీపులో పెట్టు."

"సారు," అంది సత్తెమ్మ, లారీ దిగి, కొంగు సర్దుకుని. "మీరు మంచి పని చేస్తున్నరు. గని పొద్దు నెత్తి మీదికొచ్చింది. పండు మార్కెట్ల పడకుంటె నా కష్టం పోయినట్టె."

రామచంద్రం గారు ఆ మాటకు చలించారు. ఇది తన ప్రోగ్రాంలో లేని కష్టమనీ, దీన్నీ చూడవలసిందేననీ అన్నారు. ఒక పండు తీసుకుని మెత్తబడిందో లేదో చూశారు. మెత్తబడింది. రుచి చూశారు. ఒక్కరి మాట చాలదని లింగమూర్తి చూశాడు, వీరేశం చూశాడు. చెట్టు నీడన గింజలు ఉమ్ముతూ అందరూ ఆ కష్టాన్ని శ్రద్ధగా పరిశీలించారు. బాలనర్సయ్య కూడా, ఇప్పుడు మిత్రుడు కనక, పరిశీలించాడు.

ఐలయ్య డ్రమ్ము పక్కన నిలబడి చూస్తున్నాడు. లోపల బొగ్గులు చల్లారుతున్నాయి. తన పెండ్లి దుప్పటి మీద ఆఫీసరు గారి బూట్ల మట్టి ఉంది. అతనికి కోపం రాలేదు. కోపం రావాలంటే ఎవరైనా తిట్టి ఉండాలి. పొద్దుట్నుంచీ అందరూ అతని మంచే చూస్తున్నారు.

చివరికి రాయదుర్గం గుండ్ల దగ్గర ఎత్తు వచ్చింది. లారీ ఆయాసపడింది, దగ్గింది, ఆగిపోయింది. ఎవరూ ఏర్పాటు చెయ్యకుండా ఆగిపోయింది.

"ఇదేమిటి?" అన్నారు రామచంద్రం గారు.

"గ్యాసు అందుతలేదు సార్. దిగి జర నూకాలె."

ఆయన ప్రోగ్రాం చూసుకున్నారు. గడియారం చూసుకున్నారు. "దీన్ని ఇంకోసారి చూద్దాం," అని దిగి, జీపెక్కారు. జీపు లారీ పక్కనుంచే, సాక్ష్యంతో సహా, ఎత్తెక్కి వెళ్లిపోయింది.

ఐలయ్య రాళ్లు పెట్టాడు. బొగ్గులు కదిలించాడు. సత్తెమ్మ కొంగు నడుముకు చుట్టి వెనకనుంచి భుజం పెట్టింది. వాళ్లు మార్కెట్ చేరేసరికి దుకాణాలు ఊడుస్తున్నారు. గంపల అడుగునుంచి తెల్లటి రసం కారుతోంది. ఒక వ్యాపారి వంగి చూసి, తలకాయ అటు తిప్పుకున్నాడు.

తిరిగి వచ్చి తెల్లాపూర్‌లో దిగాక సత్తెమ్మ అంది. "రేపటిసంది రావద్దు బిడ్డా."

"సరే అక్కా."

"సారు మంచోడే," అంది ఆమె, ఖాళీ గంపలు ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ. "గంత మంచోళ్లు మనకొద్దు."

ఫోటో పత్రికలో వచ్చింది. పారతో రామచంద్రం గారు బాగా పొడుగ్గా కనిపించారు. కింద, తెల్లాపూర్ రోడ్డు మీద కష్టాలు పూర్తిగా తొలగినవి, అని వేశారు. సేటు అది చూసి ఐలయ్యను మెచ్చుకున్నాడు. తాళం లాక్కోకుండా రాళ్ల లోడు కుదిర్చాడు. రాళ్లు మెత్తబడవు.

తొలగించిన కష్టాలు మళ్లీ రాకుండా చూడ్డానికి రాయదుర్గం దగ్గర సర్కారు ఒక కొత్త నాకా పెట్టింది. మొదటి రోజునే ఐలయ్య లారీ అక్కడ ఆగింది. రాజయ్య అనే కొత్త జవాను చాలా మర్యాదస్తుడు. దగ్గరికొచ్చి అడిగాడు.

"అన్నా, కష్టమేమన్న ఉన్నదా?"

"లేదు," అన్నాడు ఐలయ్య.

"లేదని ఊకె అంటె ఎట్ల? లేదని తేలేదాక ఆపుమన్నరు."

ఐలయ్య ఆలోచించాడు. "అయితె ఉన్నది."

"ఏం కష్టం?"

"గిదే. ఈడ ఆపుడు."

రాజయ్య జాలిగా తలూపాడు. "గట్లయితె జర పక్కకు వెట్టు. సారొచ్చి సొంతంగ చూసినంక పంపుత."

"సారెప్పుడొస్తరు?"

"సారుకు ప్రమోషనైంది. బొంబాయి వోయిండు."