కంట్రోల్-సి నొక్కిన మంత్రిగారు

"మా పాలనను ఆపే మొనగాడు ఇంకా పుట్టలే!" అని మెట్‌పల్లి సభలో మంత్రిగారు ప్రకటించారు. పత్రికకు వార్తలు పంపేవాణ్ని కాబట్టి శ్రద్ధగా రాసుకున్నాను. ఆ రోజే 'ఆగని పాలన' అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ మొదలైంది. చనిపోయినవాళ్ల రేషన్ కార్డులు వెతికి తీసేయడం దాని పని.

రాసిన ఇంజినీరు మొదట్లో ఓ తప్పు చేశాడట. కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కితే ప్రోగ్రామ్ ఆగిపోయేది. అన్ని ప్రోగ్రాములకూ అంతే సార్ అన్నాడు పాపం. మంత్రిగారికి మండింది.

"రెండు వేళ్లతోటి నా పాలన ఆగుతదా? ఎవలు నొక్కినా పట్టించుకోవద్దని రాయి!"

రాశాడు. ఇంత పట్టుదల గల నాయకుడు దొరకడం మా అదృష్టం.

రెండో వారం నేను మంచిర్యాల పౌరసరఫరాల ఆఫీసుకు వెళ్లేసరికి ఐలవ్వ అనే ముసలామె ఆపరేటర్ కోమల ముందు నిలబడి ఉంది.

"బిడ్డా, మా ఊర్ల బతికున్నోళ్ల కార్డులు గూడ పోతున్నయట. నాకు గా బియ్యమే దిక్కు. జర చూడు."

కోమల చూసింది. ప్రోగ్రామ్ అప్పటికే ఐలవ్వ ఊళ్లోకి దిగింది. కంట్రోల్-సి నొక్కింది. ముగ్గురి పేర్లు పోయాయి. మళ్లీ నొక్కింది. ఇంకో ఐదుగురు పోయారు.

"సార్, ఇది వింటలేదు!"

"వినద్దనే రాయించినం గదమ్మా" అన్నారు ఆఫీసరు ప్రేమ్‌సాగర్ గారు, గర్వంగా.

కోమల ఈసారి కంట్రోల్-జెడ్ నొక్కింది. ఆ మీటల సంగతి మంత్రిగారికి ఎవరూ చెప్పలేదు. ప్రోగ్రామ్ టక్కున నిలిచిపోయింది, ఐలవ్వ పేరుకు పద్నాలుగు పేర్ల ముందు.

"ఆపినవా?" ఆఫీసరుకు చెమటలు పట్టాయి.

"లేదు సార్, సస్పెండ్ చేసిన."

ఆయన ప్రాణం కుదుటపడింది. ఆయన స్వయంగా రెండుసార్లు సస్పెండ్ అయినవారు. కుర్చీ ఎక్కడికీ పోదని, పైనుంచి ఒక్క మాట వస్తే మళ్లీ పని మొదలని ఆయనకు తెలుసు.

"పూర్తిగా చంపెయ్యాల్నా సార్? ఒక్క కమాండ్ చాలు. దాన్ని ఏ ప్రోగ్రామ్ కాదనలేదు."

"వద్దొద్దు! మంత్రిగారు వస్తున్నరు."

మంత్రిగారు వచ్చారు. సంగతి విన్నారు. "ఆగిందంటే నా మాట పోతది. ఆగలేదంటే పేపరోళ్లు రాస్తరు. రెండూ కావద్దు" అన్నారు. ఇంజినీరుకు ఫోన్ చేశారు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, వెనక నడిపిద్దాం. స్క్రీన్ మీద ఏం కనపడదు. ఇగ కంట్రోల్-సి, కంట్రోల్-జెడ్ ఏది నొక్కినా దానిదాక పోదు. గవి ముందల నడిచే పనికే తగుల్తయి."

"మా పార్టీల గూడ గంతే!" అని మంత్రిగారు మురిసిపోయారు.

"సార్, వెనక నడిచినా పేర్లు పోతయి గద!" అంది కోమల.

"నువ్వు జర పక్కకు జరుగమ్మా, ఫోటోలకు అడ్డమొస్తున్నవ్" అన్నారు మంత్రిగారు.

కెమెరాల ముందు మంత్రిగారు తన స్వహస్తాలతో కంట్రోల్-సి నొక్కారు. స్క్రీన్ ప్రశాంతంగా ఉంది. చప్పట్లు మోగాయి. "ఎవలూ ఆపలేని నా పాలనను, ప్రజల కోసం నేనే ఆపుకున్న!" అని తన మెడలోని పూలదండ తీసి ఐలవ్వ మెడలో వేశారు. ఐలవ్వ చేతులు జోడించింది. చారిత్రక ఘట్టమని నేను రాశాను.

నెల తిరిగేసరికి రేషన్ డీలర్ ఐలవ్వను ఖాళీ సంచితో తిప్పి పంపాడు. చనిపోయినట్టు ఉందన్నాడు. ఆమె మా పేపరు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. నాకు సిగ్గేసింది, అయినా అక్కడే కూర్చున్నాను.

"సచ్చిపోలే సారూ. గిదో, మంత్రిగారు నాకు దండేసిండు, సూడుండ్రి."

ప్రేమ్‌సాగర్ గారు ఫోటోను చాలాసేపు చూశారు.

"కోమలా, గీమె ఫైలుకు మరణ ఆధారం లేదని ఆడిట్ వాళ్లు రాసిండ్రు గద?"

"అవును సార్."

ఆయన కత్తెర తీసుకుని, మంత్రిగారి వరకు జాగ్రత్తగా కత్తిరించి పక్కన పెట్టారు. పూలదండతో మిగిలిన ఐలవ్వను ఫైలుకు గుచ్చారు.

ఆ ఫోటో తీసింది నేనే. బాగా వచ్చింది.