తలా ఒక అంగుళం

శనివారం ఉదయం ఆంజనేయప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం ఇద్దరు అతిథులు, గుత్తివంకాయ కూర, నాలుగు మంచి మాటలు, సోమవారం చేతిలో పర్మనెంట్ లెటర్. కాంట్రాక్టు నెలాఖరుతో ముగుస్తుంది. ఆ లెటర్ రాకపోతే కెనడాలో స్థిరనివాసానికి వేసే పీఆర్ అప్లికేషన్ కూడా అటకెక్కుతుందని అతని భయం.

మిస్సిసాగాలో అతను పనిచేసే చిన్న కంపెనీ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ క్లబ్బులకు సలహాలు అమ్ముతుంది. వచ్చే నెల డ్రాఫ్ట్, అంటే కాలేజీ కుర్రాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఏరుకునే రోజు. బుట్ట కింద అడ్డుగోడలా నిలబడే పొడగరులను బిగ్ మెన్ అంటారు. వాళ్లను బేరీజు వేసి చెప్పడం ఆంజనేయప్రసాద్ పని. పుట్టి బుద్ధెరిగాక బంతి ముట్టుకోని మనిషికి ఈ ఉద్యోగం ఎలా వచ్చిందంటే, ఎక్సెల్ బాగా వచ్చు.

విన్నిపెగ్‌లో మార్లో అనే కాలేజీ కుర్రాణ్ణి చూసి రమ్మని ఫిబ్రవరిలో అతన్ని పంపారు. అక్కడ చలి మైనస్ ముప్ఫై డిగ్రీలు. మహానుభావుడు హోటల్ గది దాటలేదు. దుప్పటి కప్పుకుని ఆటంతా లాప్‌టాప్‌లో చూసి, స్వయంగా పక్కన నిలబడి చూశానని, కుర్రాడు ఏడడుగులని రిపోర్టు రాశాడు. కాలేజీ వెబ్‌సైట్‌లో ఆరడుగుల పదకొండు అంగుళాలే ఉంది. ఒక్క అంగుళం దగ్గర పిసినారితనం ఎందుకనుకున్నాడు.

ఆ రిపోర్టుకు బాస్ జేసన్ మురిసిపోయాడు. జేసన్ తల్లిదండ్రులది తెనాలి, అతను మాత్రం పుట్టి పెరిగింది ఇక్కడే. గురువారం ఫోన్ చేశాడు. "ప్రసాద్ గారూ, మార్లో ఈ వీకెండ్ మిస్సిసాగాలోనే ఉంటున్నాడు. మీకు క్లోజ్ కదా, మీ ఇంటికి లంచ్‌కి పిలవండి. నేనూ వస్తా. లెటర్ సంగతి కూడా మాట్లాడుకుందాం."

దాంతో శనివారం ఇల్లు తలకిందులైంది. "ఏడడుగులంటే మన గుమ్మం చాలదండీ," అంది భార్య శాంత, బట్టలు కుట్టే టేపుతో కొలిచి. "ఆరడుగుల ఎనిమిది అంగుళాలే. పాపం, ఆ పిల్లాడి నుదురు పగుల్తుంది."

భోజనాల గది గుమ్మానికి పైన దిండు కట్టి అంటుకునే టేపు చుట్టారు. తల తగులుతుందని లైటు ఊడదీశారు. మోకాళ్లు పట్టవని టేబుల్ కాళ్ల కింద నాలుగు పెయింటు డబ్బాలు పెట్టారు. ఆ టేబుల్ ముందు కూర్చుంటే శాంత గడ్డం కంచానికి ఆనింది.

"ఇవాళ్టికి ఓర్చుకో శాంతా. మన పీఆర్ ఈ టేబుల్ మీదే ఉంది," అన్నాడు ఆంజనేయప్రసాద్.

ముందు జేసన్ వచ్చాడు. దిండు చూసి, "వావ్, నిజంగా సెవెన్ ఫీట్ అన్నమాట," అని మెచ్చుకున్నాడు. పది నిమిషాలకు మార్లో వచ్చాడు. వీధి తలుపు దగ్గర ఇటుకంత మందం అడుగులున్న బూట్లు విప్పి, తల వంచకుండా, తాపీగా భోజనాల గదిలోకి నడిచాడు. దిండు కదల్లేదు.

శాంత అతని వెనక్కి తొంగిచూసింది. "ఏవండీ, డ్రైవరు వచ్చేశాడు. ఆ ఏడడుగులాయన ఇంకా కార్లోనే ఉన్నాడా?"

జేసన్‌కు తెలుగు బాగానే అర్థమవుతుంది. "ప్రసాద్ గారూ, విన్నిపెగ్‌లో మీరు నిలబడింది ఎవరి పక్కన?"

"అక్కడ మంచు కదా జేసన్, బూట్లు కాస్త ఎత్తుగా..." అని ఆగిపోయాడు ఆంజనేయప్రసాద్. పర్మనెంట్ లెటర్ కళ్లముందే చేజారిపోతుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

శాంత మళ్లీ టేపు తెచ్చింది. ఆరడుగుల ఏడు అంగుళాలు. మార్లో ఏమీ సిగ్గుపడలేదు, వంకాయ తింటూ ఇంగ్లీషులో వివరంగా చెప్పాడు. స్కూలువాళ్లు జుట్టుతో, బూట్లతో కొలిచి తొమ్మిది అంగుళాలు చేశారట. కాలేజీ ఇంకో రెండు కలిపిందట. తనను ఎవరూ అడగలేదట. ఆ తర్వాత సంగతి ఇదీ అంటూ జేసన్ కంపెనీ అమ్మిన రిపోర్టును ఒక క్లబ్బు తనకు పంపితే, దాన్ని ఫోన్‌లో చూపించాడు. అందులో ఏడడుగుల ఒక అంగుళం అని ఉంది. కింద 'స్వయంగా కొలిచినవారు: జేసన్' అని సంతకం.

"ఏడు దాకా మావారిది," అంది శాంత. "పైన ఆ ఒక్క అంగుళం ఎవరిది బాబూ?"

జేసన్ కంచంలోకి చూశాడు. టేబుల్ ఎత్తు వల్ల అతనికి ముఖం దాచుకోవడానికి పెద్దగా వంగాల్సిన పని లేకపోయింది.

భోజనాలయ్యాక మార్లో లేచి, ఊడదీసిన లైటును కుర్చీ ఎక్కకుండానే బిగించేశాడు. జేసన్ కళ్లు మెరిశాయి. "చూశారా, లాంగ్ ఆర్మ్స్. హైట్ కాదు, మనం మొదట్నుంచీ చెప్తోంది ఇదే కదా ప్రసాద్ గారూ?"

"మొదట్నుంచీ ఇదే," అన్నాడు ఆంజనేయప్రసాద్.

"చేతులు కొలవొద్దా మరి?" అని శాంత టేపు పట్టుకుని అడిగింది. జేసన్ అప్పటికే బూట్లు వేసుకుంటున్నాడు.

సోమవారం పర్మనెంట్ లెటర్ వచ్చింది. అతని అనుభవం ఆరేళ్లయితే జేసన్ తొమ్మిదేళ్లని రాశాడు. ఆంజనేయప్రసాద్ దాన్ని రెండుసార్లు చదువుకుని, పీఆర్ ఫారం తెరిచి, ఒక్క ఏడాది దగ్గర పిసినారితనం ఎందుకని పది అని నింపాడు.