ఆట ఒక్కటే తక్కువైన టోర్నమెంటు

మా అల్మాలూసాయ్ పట్నంలో తలపెట్టిన అంతర్జాతీయ మహిళల మంచు హాకీ టోర్నమెంటు సకల లాంఛనాలతో, అశేష జనసందోహం సమక్షంలో, దిగ్విజయంగా రద్దయిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. ఇంత ఘనంగా రద్దయిన టోర్నమెంటు కిర్గిజ్ గడ్డ మీద ఇంతకుముందు లేదని పెద్దలు అంటున్నారు. పెద్దలు అన్నాక ఇక మనం అనేదేముంది?

ప్రపంచ హాకీలో ఇది అట్టడుగు శ్రేణి పోటీ. దీని కింద ఇంకో మెట్టు లేదు. మంచు క్రీడల ఉత్సవ సంఘం అధ్యక్షులు మామత్‌కుల్ ఎర్గెషోవ్ గారు ఈ సంగతినే రొమ్ము విరుచుకుని చెప్పారు: "గెలిస్తే పైకి పోతాం. ఓడితే మాత్రం ఏమవుతుంది? మనల్ని ఇంతకంటే కిందికి దించే మొనగాడు భూమ్మీద పుట్టలేదు!" విన్నవాళ్ల ఒళ్లు పులకరించింది.

మా జట్టుకు గోల్‌కీపర్ బూరూల్. ఇద్దరు పిల్లల తల్లి, పగలు బడిలో లెక్కలు చెబుతుంది, సాయంత్రం గోలు కాస్తుంది. కోడలు అలా ఒంటి నిండా దిండ్లు కట్టుకుని మంచు మీద జారడం అత్తగారు కెంజెబూబూకు బొత్తిగా గిట్టదు. ఏళ్ల తరబడి సణిగి సణిగి, చివరికి ఆవిడే ఒక ఒప్పందానికి వచ్చింది. "నా కళ్లతో ఒక్కసారి చూస్తానే. పనికొచ్చేదే అనిపిస్తే ఆడుకో, నేనడ్డు రాను. కాదనిపించిందా, ఆ దిండ్లు విప్పి నా చేతికిచ్చెయ్. చలికాలం గొర్రెపిల్లల కింద పరుస్తా." పరాయి దేశాల్లో పోటీలకు ఆవిడ ఎలాగూ వెళ్లలేదు. సొంత పట్నంలో పోటీ జరగడం ఇదే మొదలు. కాబట్టి లోకానికి ఇది ఎంత అట్టడుగు పోటీ అయినా బూరూల్ పాలిటికి ఇదే సుప్రీం కోర్టు.

మూడు దేశాల జట్లు దిగాయి. అంతకంటే ముఖ్యంగా ఉపమంత్రి గారు వస్తున్నారని కబురొచ్చింది. అంతటి అతిథి వస్తే మాలో ఎవరైనా చేసేది ఒకటే, యుర్త వేస్తాం. ఉన్ని గుడారంలో, గుమ్మానికి ఎదురుగా ఉండే గౌరవ స్థానంలో కూర్చోబెట్టి, ఉడికించిన గొర్రె తలకాయ ముందు పెడతాం. బయట వేద్దామంటే గడ్డకట్టే చలి. లోపల చూస్తే అంతా కుర్చీలే, కుర్చీలో కూర్చోబెట్టి తలకాయ చేతికిస్తే చూసినవాళ్లు నవ్వరూ? మొత్తం క్రీడాభవనంలో యుర్త పట్టేంత జాగా ఒకటే కనిపించింది. నున్నగా, చదునుగా, తెల్లగా, ఎవరికీ అక్కరలేకుండా నడిమధ్య ఖాళీగా పడి ఉంది. మన అధ్యక్షుల వారి కన్ను దాని మీద పడింది.

మంచు మీద నమదాలు, అంటే దళసరి ఉన్ని తివాచీలు, పరిచారు, యుర్త లేపారు, లోపల ఇనప పొయ్యి పెట్టి మంట వేశారు. గుమ్మం పక్కన టీ నీళ్లు కాచే సమోవార్లు బారులు తీరాయి. భవనం మేనేజరు నీళ్లు నములుతూ దగ్గరికొచ్చాడు.

"అన్నా, కింద మంచు ఉంది కదా..."

"కిందే కదా ఉంది? వేడి పైకి పోతుందయ్యా! బళ్లో ఏం చదువుకున్నావు?" అన్నారు ఎర్గెషోవ్ గారు. విజ్ఞానశాస్త్రం మీద ఆయనకున్న పట్టు చూసి మేనేజరు తనే వెళ్లి ఇంకో మోపు కట్టెలు తెచ్చాడు.

ఉపమంత్రి గారు విచ్చేశారు, బూట్లు విప్పారు, గౌరవ స్థానంలో ఆసీనులై ప్రసంగం అందుకున్నారు. ఇంతలో మంచును చల్లబరిచే యంత్రం వెనక నుంచి గుర్రుమంది. అంతటి మనిషి మాట్లాడుతుంటే మధ్యలో యంత్రం మాట్లాడ్డమేమిటి? వెంటనే దాని నోరు నొక్కించారు. ఆ నిశ్శబ్దంలో ఆయన కంఠం ఖంగుమంది: "క్రీడాకారిణులారా! మంచు కరగవచ్చు గాక, మన సంకల్పం కరగరాదు!" ఆ మాటలో మొదటి సగం అక్షరాలా నిజమైంది.

ఆయన తర్వాత నగరాధ్యక్షుడు, ఆయన తర్వాత ఆయన వియ్యంకుడు, ఆపైన తెల్లగడ్డాల పెద్దలు వయసు వరసన లేచారు. విందులో కూర్చున్న ప్రతి మనిషికీ మాట్లాడే వంతు ఇవ్వాలి, ఎవరినైనా దాటేశారో ఇక ఏడు తరాల పగ. హాకీ అనే మాట ఎవరి నోటా రాలేదు. అది తప్పేం కాదు, పెళ్లిలోనూ దీక్షగా మాట్లాడేవాళ్లు పెళ్లికూతుర్ని తలుచుకోరు. మూడు దేశాల అమ్మాయిలు స్కేట్లు బిగించుకుని గోడవారన కూర్చుని, తలకు పెట్టిన ఉన్ని టోపీలు సర్దుకుంటూ మర్యాదగా నవ్వుతున్నారు.

అంతలో పెద్ద చిక్కొచ్చి పడింది. టీ పోయడానికి ఆడవాళ్లు చాలలేదు. ఎర్గెషోవ్ గారు నలుదిక్కులా చూశారు. అదృష్టం కొద్దీ ఒక జట్టు జట్టే పనీ పాటా లేకుండా వరసగా నిలబడి ఉంది. దాన్ని జాతీయ జట్టు అంటారు. ఛాతీ మీద దేశం పేరుతో, కాళ్లకు దిండ్లతో, బూరూల్ కెటిల్ పట్టుకుని యుర్త లోపలా బయటా నమదాల మీద కుంటుతూ తిరిగింది.

"అమ్మా బూరూల్, గిన్నె నిండా పోయకమ్మా, అతిథిని లేచి పొమ్మన్నట్టుంటుంది. సగానికే పోయాలి," అని ఎర్గెషోవ్ గారు శిక్షణ ఇచ్చారు. ఆ టోర్నమెంటులో మా జట్టుకు అందిన శిక్షణ అదొక్కటే.

పై వరసలో కూర్చున్న కెంజెబూబూ చాలాసేపు కళ్లు చికిలించి చూసింది. "ఇదేనా హాకీ అంటే?" అంది పక్కావిడతో. "దీనికి ఇంత దూరం రావాలా? ఇంట్లో రోజూ పోస్తూనే ఉందిగా!"

మాంసం వడ్డిస్తుండగా పొయ్యి ఒక పక్కకు ఒరిగింది. ఉపమంత్రి గారి మేజోళ్లు తడిశాయి. వసంతం ముందే వచ్చిందనీ, ఇది శుభశకునమనీ ఒక పెద్దాయన దీవించారు. అంతర్జాతీయ హాకీ సంస్థ తరఫున వచ్చిన పరిశీలకురాలు నమదా ఎత్తి చూస్తే అడుగున సిమెంటు నేల కనిపించింది. ఆవిడ ఒక్క ముక్కలో పోటీలు రద్దు చేసింది. వెంటనే మావాళ్లు విచారణ సంఘం వేశారు. దోషి ఎండ అని తేల్చారు. అది ఫిబ్రవరి. ఎండ సంజాయిషీ ఇచ్చుకోలేదు కాబట్టి నేరం ఒప్పుకున్నట్టే లెక్క.

బూరూల్ ఎర్గెషోవ్ గారి దగ్గరికి పరిగెత్తింది. "అన్నా, కొండ మీద చెరువు గట్టిగా గడ్డకట్టి ఉంది. బస్సులో గంట దారి. మిగతా జట్లవాళ్లూ సరేనన్నారు. లెక్కలోకి రాకపోతే పోనీ, ఒక్క ఆట ఆడనివ్వండి. మా అత్తగారు చూడాలి."

"ఉపమంత్రి గారు చెరువు గట్టు మీద ఎక్కడ కూర్చుంటారమ్మా?" అన్నారాయన ఎంతో ఓపిగ్గా. "ప్రారంభోత్సవం అయింది. ముగింపు విందు రేపుంది. మధ్యలో ఆట ఒక్కటేగా తక్కువ! దానికింత రాద్ధాంతమా?"

అదే భవనంలో ముగింపు విందుకు ఇంకా ఎక్కువమంది వచ్చాం. ఎవరూ ఓడలేదు కాబట్టి నాలుగు జట్లకూ మొదటి స్థానమే. ఇక ఉత్తమ గోల్‌కీపర్: "టోర్నమెంటు మొత్తంలో ఒక్క గోలు కూడా పోనివ్వని మన ఆడపడుచు బూరూల్!" పతకం వేసి, జరీ అంగీ కప్పారు. బూరూల్ రెండూ తీసి బల్ల మీద పెట్టింది.

"నేనేమీ ఆపలేదు. నా మీదికి ఎవరూ కొట్టలేదు. నేను టీ పోశాను, అంతే."

మంచు కరిగినప్పుడు కూడా సభ అంతలా నిర్ఘాంతపోలేదు. ముందు వరస పెద్దాయన గడ్డం వణికిపోయింది. "పెద్దలు ఇచ్చింది విసిరికొడతావటే? ఏ ఇంటి కోడలివే నువ్వు?"

"నా ఇంటి కోడలే. అయితే ఏంటంట?" అంటూ పై వరసలోంచి కెంజెబూబూ లేచింది. మెట్లు దిగొచ్చి కోడలి సంచీ తన భుజాన వేసుకుంది. "ఆడకముందే ఇంతమంది మగాళ్లు ఇంతలా బెదిరిపోయారంటే, నీ ఆట పనికొచ్చేదేనే. పద."

వాళ్ల వెనక తలుపు పడగానే ఎర్గెషోవ్ గారు అక్కడికక్కడే తీర్మానం చదివారు. సభామర్యాదను భంగపరిచి దేశానికి తలవంపులు తెచ్చినందుకు బూరూల్ రెండేళ్లపాటు హాకీ ఆడరాదు. ఈ మొత్తం వ్యవహారంలో శిక్ష పడింది ఆమె ఒక్కదానికే. సభలో ఉన్నవాళ్లమంతా ఏకగ్రీవంగా చప్పట్లు కొట్టాం. అప్పుడే మాంసం తింటున్నామేమో, చేతులకు కొవ్వు అంటుకుని చప్పుడు సరిగా రాలేదు. ఎర్గెషోవ్ గారు నొచ్చుకున్నట్టు చూశారు. అందరం చేతులు శుభ్రంగా తుడుచుకుని మళ్లీ కొట్టాం.