గొంతు నొప్పికి బొటనవేలి వైద్యం

గొంతు నొప్పికి డాక్టరు దండగ. మాత్రలు దండగ. సెలవైతే మరీ దండగ! మనిషికి రెండు చేతులూ, ఆ చేతుల్ని పట్టుకుని నొక్కేవాళ్ళు ఇంట్లో ఇద్దరు ముగ్గురూ ఉంటే చాలు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, మా ఇంట్లో జరిగిన దాన్ని బట్టి అంటున్నాను. నవ్వేవాళ్ళు ముందు నవ్వేసి రండి, నేను ఆగుతాను.

అయిందా? ఇక వినండి.

మా ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది. క్లాసులో పిల్లలు అరవై మూడు మంది. పక్క క్లాసుకీ ఈ క్లాసుకీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్డు. అవతల సోషల్ మాస్టారు యుద్ధం మొదలుపెడితే ఇవతల త్రిభుజం వినపడదు. అందుకని మా ఆవిడ త్రిభుజాన్ని ఇంకాస్త గట్టిగా చెబుతుంది. దాంతో ఆయన యుద్ధాన్ని ఇంకాస్త పెంచుతాడు. ఇలా రోజుకి ఆరు పీరియడ్లు. మైకు పెట్టించమని అడిగితే, మైకు పెడితే పిల్లలకి శ్రద్ధగా వినే అలవాటు పోతుందన్నారు ప్రిన్సిపాల్ మేడమ్. ఎంత ముందుచూపో చూడండి!

పోయిన నెల ఒక సోమవారం సాయంత్రం మా ఆవిడ ఇంటికొచ్చి అమ్మాయిని పిలవబోయింది. నోరు తెరిస్తే గాలి మాత్రం వచ్చింది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ గాలే. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది.

గొంతు డాక్టరు లోపలికి లైటు వేసి చూశాడు. "బాగా వాచిందమ్మా. వారం రోజులు ఒక్క మాట కూడా వద్దు, గుసగుసలు కూడా వద్దు. ఇలాగే అరుస్తూ పోతే ఇక గొంతు పోయినట్టే. తర్వాత నా దగ్గరికొచ్చినా లాభం ఉండదు" అని చీటీ రాసిచ్చాడు.

ఏం చాదస్తమండీ! లెక్కల టీచరు నోరు మూసుకుంటే పిల్లలకి లెక్కలెలా వస్తాయి?

మా ఆవిడ ఆ చీటీని ఫొటో తీసి, వారం సెలవు కావాలని మేడమ్‌కి పంపింది. ఆ బడిలో సెలవుకి ఒక పద్ధతుంది. జబ్బు మేడమ్ కంటికి కనపడాలి. డ్రిల్ మాస్టారు కాలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చాడు, పదిహేను రోజులు ఇచ్చారు. సైన్సు టీచరు తలనొప్పని వెళ్తే, తలని అటూ ఇటూ చూసి, "బాగానే ఉందిగా!" అన్నారు. మరి గొంతులో వాపు ఎవరికి కనపడుతుంది? పది నిమిషాల్లో మేడమ్ ఫోన్ చేశారు. మా ఆవిడ మాట్లాడలేదు కనుక నేనే ఎత్తి స్పీకర్‌లో పెట్టాను.

"గొంతు నొప్పికి కూడా సెలవేంటమ్మా? బోర్డు మీద రాయడానికి చెయ్యి బాగానే ఉందిగా! ఒక వీడియో పంపుతున్నాను, ఆక్యుప్రెషర్. ఇంట్లోనే నొక్కుకోండి. పొద్దున్నకల్లా తగ్గిపోతుంది."

ఎంత పెద్ద మనసు! సెలవు ఇస్తే వారంలో అయిపోతుంది. వీడియో అయితే జీవితాంతం ఉంటుంది.

వీడియోలో తెల్లకోటు వేసుకున్న ఒకాయన నవ్వుతూ చూపించాడు. బొటనవేలి గోరు మూల ఒక చోటు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఇంకో చోటు. ఒక్కోటి రెండు నిమిషాలు మెల్లగా నొక్కాలట. మెల్లగా అని ఆయన మూడుసార్లు చెప్పాడు, కానీ మా వంశంలో ఏ పనీ ఎవరూ మెల్లగా చేసిన దాఖలా లేదు.

కుడి చెయ్యి నేను పుచ్చుకున్నాను. టీవీలో మ్యాచ్ వస్తోంది. ఆఖరి ఓవర్లో నేనేం నొక్కుతున్నానో నాకే తెలియలేదు. మా ఆవిడ పలక తీసుకుని, "నొప్పి గొంతులో!" అని రాసింది. అదంతా కిందికి దిగుతోందిలే అని ధైర్యం చెప్పాను.

అంతలో మా అమ్మ వచ్చింది. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. "నీ నొక్కుడు ఏ మూలకొస్తుందిరా, ఇలా తే" అని కుట్టుపనిలో వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు బయటికి తీసింది. అమ్మాయిది మరీ చురుకు బుర్ర. "ఇంతసేపు పట్టుకుని కూర్చోవడం ఎందుకు నానమ్మా?" అని ఆరేసిన బట్టలకి పెట్టే క్లిప్పొకటి తెచ్చి వాళ్ళమ్మ వేలికి తగిలించి, హోంవర్క్ చేసుకోవడానికి వెళ్ళిపోయింది. మిగతా ఇద్దరూ సరిగ్గా నొక్కలేదని ముగ్గురికీ గట్టి నమ్మకం. మంగళవారం, బుధవారం కూడా మా ఆవిడ పగలంతా బడిలో ఆ గాలితోనే అరిచి వచ్చింది, సాయంత్రం మేం నొక్కాం.

ఇంత సులువైన వైద్యాన్ని ఒక్క బడికే వదిలేయడం అన్యాయం కాదూ? బస్సు కండక్టరుకీ, బండి మీద కూరగాయలు అమ్మేవాడికీ, రోజంతా ఫోన్లో పరాయివాళ్ళ చేత తిట్లు తినే కాల్ సెంటర్ అమ్మాయికీ తలా ఒక క్లిప్పు ఇచ్చేస్తే పోలా! ఆసుపత్రులు ఖాళీ అవుతాయి. మధ్యలో ప్లైవుడ్డు కొట్టి అక్కడా క్లాసులు పెట్టుకోవచ్చు.

గురువారం పొద్దున గొంతు అలాగే ఉంది. బొటనవేలు మాత్రం ఉబ్బిపోయి నల్లగా కమిలింది. మా అమ్మ గుడ్డ చుట్టి పంపింది. మా ఆవిడ గంటలో తిరిగొచ్చింది. ఏమైందే అంటే, ఎడమ చేత్తో వంకర అక్షరాలతో పలక నిండా రాసి చూపించింది. వరండాలో మేడమ్ ఎదురుపడి, వేలు చూసి అదిరిపడ్డారట.

"అయ్యయ్యో! ఇదేంటమ్మా? ఈ వేలితో బోర్డు మీద ఎలా రాస్తారు? ముందు ఇంటికెళ్ళండి. వారం దాకా ఇటు రావద్దు!"

వారం సెలవు! చీటీ లేదు, ఫొటో లేదు, ఒక్క ప్రశ్న లేదు. ఆ వారమంతా మా ఆవిడ నోరు విప్పలేదు. ఎనిమిదో రోజు పొద్దున అమ్మాయిని పిలిస్తే మేడ మీదకి వినపడింది. మా అమ్మ కళ్ళు ఒత్తుకుంది. నేనూ ఒత్తుకున్నాను, మ్యాచ్ ఓడిపోయినందుకని చెప్పాను.

ఇప్పుడు చెప్పండి, ఆక్యుప్రెషర్ వల్ల గొంతు నొప్పి తగ్గిందా లేదా? స్టాఫ్ మీటింగులో మేడమ్ ఇదే మాట అని, ఆ వీడియోని టీచర్లందరికీ మళ్ళీ పంపించారు. సోషల్ మాస్టారు కూడా చూస్తున్నాడట, ఆయన గొంతూ జీరపోతోంది మరి.

మా ఆవిడ మళ్ళీ బడికి వెళ్తోంది. అదే ప్లైవుడ్డు, అదే యుద్ధం, అదే అరవై మూడు మంది. నాలుగో రోజు సాయంత్రానికి మళ్ళీ గాలి వచ్చింది. నేను పలక అందించి, కుడి వేలు ఇంకా పూర్తిగా మానలేదు కదా అని జాలిపడి ఎడమ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విసురుగా లాక్కుంది.

"ఎడమ చేత్తో నేను బోర్డు మీద రాయను" అని రాసింది.

తర్వాత దాన్ని తుడిచేసి, కుడి బొటనవేలు నా ముందు పెట్టి, ఒక్క మాట రాసింది.

"గట్టిగా."