కడిగి ఇచ్చిన ఫొటోల పెట్టె

పొద్దున తొమ్మిదింటికల్లా బయల్దేరాలి. మధ్యాహ్నానికి సూ పట్టణం చేరి, ఓడలకు సరుకులు పంపే గోదాములో పెట్టె అప్పగించాలి. దుప్పులు రోడ్డు మీదికి వచ్చే వేళకు ఇల్లు చేరిపోవాలి. ఆ రోజుకు లినేయా అనుకున్నది ఇంతే. అయినా చంటిపిల్లవాడి తల్లి కాబట్టి, ఏదో ఒకటి తప్పుతుందని మనసును ముందే సిద్ధం చేసి ఉంచుకుంది. తప్పబోయేది పిల్లవాడి కడుపో, కారు టైరో అనుకుంది గాని, అత్తగారి మర్యాద అనుకోలేదు.

పెట్టె అంటే అరచేతిలో పట్టేది. పక్కన సన్నని గాడి ఉంటుంది. అందులో కెమెరా కార్డు దూరిస్తే ఫొటోలన్నిటినీ లోపలికి మింగేస్తుంది. పైన అగ్గిపెట్టెంత కిటికీలో వాటిని చూసుకోవచ్చు. కెమెరా కార్డు ఒక్క పూటకే నిండిపోతుంది కాబట్టి, ప్రయాణం మొదట్లోనే మునిసింగ్‌లో పెద్దత్తయ్య హెల్మీ దగ్గర ఆ పెట్టె అరువు తెచ్చుకుంది. హెల్మీకి పక్షుల ఫొటోల పిచ్చి. అత్తగారు ఐలీతో కలిసి, ఓడలు తిరిగేంత పెద్ద సరస్సు చుట్టూ ఉన్న చుట్టాలందరికీ పిల్లవాణ్ణి చూపించుకుంటూ తిరిగినన్నాళ్ళూ లినేయాకి సాయంత్రం కాగానే ఒకటే పని. కార్డు దూర్చడం, ఫొటోలు పెట్టెలో పడ్డాయో లేదో చూడడం, మళ్ళీ చూడడం, నమ్మకం కుదిరాక కార్డు చెరపడం, చెరిపాక గుండె దడగా ఉంటే ఇంకోసారి చూడడం. తర్వాత పెట్టెని పిల్లవాడి మేజోళ్ళలో చుట్టి గుడ్డల సంచి అడుగున దాచేది.

ఆ ఫొటోలు మొగుడు రేనో కోసం. రేనో ఇనుప ఖనిజం మోసే ఓడలో కొత్తగా చేరాడు. మార్చిలో మంచు విడిచి ఓడలు కదిలినప్పుడు వెళ్ళినవాడు, మళ్ళీ నీళ్ళు గడ్డకట్టి ఓడలు ఆగితేనే ఇంటికి వస్తాడు. వెళ్ళేనాటికి కొడుకు ఓస్కర్‌ని దిండు ఆనించి కూర్చోబెట్టాలి. ఇప్పుడు వాడు నడుస్తున్నాడు. సరస్సు ఒడ్డున ఇసుకలో వాడు మొదటి అడుగు వేసినప్పుడు లినేయా చేతిలో కెమెరా ఉంది. అడుగు, తడబాటు, ఇంకో అడుగు, బోర్లా పడడం, పడ్డాక ఇసుక తినడం, అన్నీ వరసగా దొరికాయి. "వాడు నడిచేటప్పటికి నేనుండను కదా," అని వెళ్ళేముందు రేనో ఒకే ఒక్కసారి అన్నాడు. ఆ లహ్తీ వంశంలో మగవాడు ఒక మాట ఒక్కసారి అన్నాడంటే లోపల చాలా నలిగాడనే అర్థం.

చుట్టాల ఇళ్ళు తిరిగి ముందు రోజు సాయంత్రం మళ్ళీ హెల్మీ ఇంటికి చేరాక, ఐలీ ఆవిరి గదిలో చెమట పట్టించుకుంటుండగా లినేయా అడిగింది.

"పెద్దత్తయ్యా, ఈ పెట్టెని రేనో ఓడలోకి పంపిద్దామనుకుంటున్నా. ఓడ తిరిగొచ్చేటప్పుడు తెచ్చిస్తాను."

"పంపు. నా పక్షులెక్కడికీ పోవు," అంది హెల్మీ.

ఆ రెండు మాటలూ ఆవిరి గది లోపలికి వినబడలేదు. ప్రమాదం అక్కడ మొదలైంది.

తెల్లారాక లినేయా పిల్లవాడికి స్నానం చేయిస్తుంటే, ఐలీ సంచి సర్దుతూ మేజోళ్ళలో పెట్టె చూసింది. అక్క పెట్టె. ఈ రోజు అక్క ఇంట్లోంచి వెళ్ళిపోతున్నాం, పెట్టె మాత్రం సంచిలోనే ఉంది. ఐలీ ముఖం ఎర్రబడింది. ఆ ఊళ్ళలో పిల్లలు మాటలకన్నా ముందు నేర్చుకునే నీతులు రెండు. అరువు తెచ్చిన గిన్నె కడక్కుండా తిరిగి ఇవ్వకూడదు. ఖాళీగానూ ఇవ్వకూడదు. ఐలీ కళ్ళద్దాలు పెట్టుకుని పెట్టె ముందు కూర్చుంది.

కాసేపటికి లినేయా తడి చేతులతో వచ్చి సంచి అడుగుదాకా వెతికింది.

"అత్తయ్యా, మేజోళ్ళలో ఉండాలి, పెట్టె ఏదీ?"

"అక్కకిచ్చేశా. శుభ్రంగా కడిగి ఇచ్చా."

లినేయా సంచి వదిలేసింది. "కడిగారా? నీళ్ళతోనా?"

"నీళ్ళతో ఎందుకు కడుగుతానే, ఆ మాత్రం నాకు తెలీదా? మీట నొక్కా. అన్నీ తుడిచెయ్యమంటావా అని అడిగింది. ఔనన్నా. నిజంగానే తుడిచెయ్యాలా అని మళ్ళీ అడిగింది. ఎంత పద్ధతైన పెట్టె అనుకుని, నిజంగానే అన్నా."

"అందులో మన ఫొటోలున్నాయి అత్తయ్యా."

"ఫొటోలు కెమెరాలో ఉంటాయిగా. తీసింది దాంతోనేగా. కుండలో వండింది గిన్నెలోకి తోడినంత మాత్రాన కుండ ఖాళీ అవుతుందా?"

"అవుతుంది అత్తయ్యా."

కుండ ఖాళీ అవుతుందని ఐలీకి అప్పుడే తట్టింది. చేతిలో మడుస్తున్న తువ్వాలు మడతలోనే ఉండిపోయింది.

హెల్మీ అప్పటికే పెట్టె పట్టుకుని పక్షుల కోసం సెనీ చిత్తడి నేలల వైపు వెళ్ళిపోయింది. అదృష్టవశాత్తూ అది సూ వెళ్ళే దారే. కారు నడుపుతున్నంత సేపూ లినేయా ఒకటే కోరుకుంది, అత్తగారి వేలు తప్పు మీట మీద పడి ఉండాలని. వెనక సీట్లో ఓస్కర్ సొంత కాలి వేలు నోట్లో పెట్టుకుని హాయిగా ఉన్నాడు.

రెల్లుగడ్డి వెనక హెల్మీ కెమెరాతో నేలకి కరుచుకుని ఉంది. ఎదురుగా నీళ్ళలో బెగ్గురు కొంగ, దాని వెనక రెండు కూనలు.

"పెద్దత్తయ్యా, పెట్టె," అంది లినేయా.

"మెల్లగా. కూనలు బెదురుతాయి," అని గుసగుసలాడింది హెల్మీ.

"పెట్టె," అని గుసగుసగా అంది లినేయా. "నేనివ్వలేదు. అత్తయ్య ఇచ్చేసింది."

"నువ్వు మనసు మార్చుకున్నావనుకున్నా."

"మరి ఇదేంటని నన్నడగొచ్చుగా అక్కా," అని వెనకనుంచి ఐలీ గుసగుసలాడింది.

"ఇచ్చేదాన్ని ఎందుకిస్తున్నావని ఎవరైనా అడుగుతారటే? ఏం బావుంటుంది?"

ఐలీకి ఆ మాట సబబుగానే తోచింది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి కిటికీలోకి చూశారు. పెట్టెలో ఉన్నది ఒక్కటే ఫొటో. యాలకుల రొట్టె. జడలా అల్లినది, పైన పంచదార పలుకులతో, పొయ్యిలోంచి అప్పుడే తీసినట్టు. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదా అని, పొద్దున తను కాల్చిన రొట్టెని లినేయా కెమెరాతో ఫొటో తీసి ఐలీ అందులో పెట్టి ఇచ్చింది.

హెల్మీ చాలాసేపు చూసింది. "బాగా పొంగింది," అంది గుసగుసగా.

"పాలు గోరువెచ్చగా పోశా," అంది ఐలీ, అనకుండా ఉండలేక.

లినేయా ఏడ్చింది. కొంగ కూనల వల్ల ఆ ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఏడవాల్సి వచ్చింది. హెల్మీ పెట్టెని ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "తీసుకెళ్ళు. అక్కడికి చేరేలోగా ఏదో ఒకటి నింపు. వాడికి ఖాళీ పెట్టె మాత్రం పంపకు," అంది.

మళ్ళీ కారెక్కారు. ఐలీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసిన బడిపిల్లలా కూర్చుంది.

"మీరు తెలిసి చేశారా ఏంటి అత్తయ్యా," అంది లినేయా.

"తెలిసే చేశా. మంచి పని అని తెలిసే చేశా. అదే కదా నా ఏడుపు." కాస్త ఆగి, "మళ్ళీ తీద్దాం," అంది ఐలీ.

"మొదటి అడుగు మళ్ళీ ఎలా వేస్తాడు?"

"అది మొదటిదో పదోదో వాడికేం తెలుసు? రేనోకి మాత్రం ఏం తెలుసు? ఇసుక ఉన్నచోట ఆపు."

ఇసుక ఒక పెట్రోలు బంకు వెనక దొరికింది, చలికాలంలో మంచుకి బళ్ళు జారకుండా రోడ్ల మీద చల్లడానికి పోసిన గుట్ట. ఓస్కర్ బూట్లు విప్పి అక్కడ నిలబెట్టారు. వాడు కూర్చున్నాడు. మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ కూర్చున్నాడు. మాంసమూ బంగాళాదుంపా కూరిన పాస్టీ ముక్క దూరం నుంచి చూపిస్తే, నువ్వే తెచ్చి పెట్టు అన్నట్టు నోరు తెరిచాడు. వారం రోజులుగా క్షణం ఒకచోట నిలవని పిల్లవాడు, కెమెరా చూడగానే గోతాం బస్తా అయిపోయాడు.

"వాడు మర్చిపోయాడేమో. నేను చూపిస్తా," అని ఐలీ రెండు చేతులూ చాపి, ఒక అడుగు వేసి, తూలి, ఇంకో అడుగు వేసి, మనవడికి అర్థం కావాలని కాస్త ఎక్కువగానే తూలింది.

దుంగల లారీకి డీజిలు పోయించుకుంటున్న భారీ మనిషి ఒకతను అది చూశాడు. నాలుగు అంగల్లో వచ్చి ఐలీ మోచెయ్యి పట్టుకున్నాడు.

"కూర్చోండమ్మా, కూర్చోండి. మా అమ్మకీ ఇలాగే మొదలైంది."

నాకేం కాలేదు బాబూ అని ఐలీ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అప్పటికే అతను సొంత చొక్కా విప్పి నేల మీద పరిచాడు. అంత శ్రమ పడినవాడితో అవసరం లేదని ఎలా అనడం? ఐలీ కూర్చుంది. అతను కాఫీ తెచ్చాడు. తెచ్చినందుకు తాగింది. "తల తిరుగుతోందా?" అని అడిగాడు. పాపం అంత ఆశగా అడుగుతున్నాడని, "కొంచెం," అంది.

"అత్తయ్యా," అంది లినేయా.

"నువ్వూరుకో. మంచి మనిషి, బాధపడతాడు," అంది ఐలీ పెదవులు కదపకుండా.

ఆ కొంచెమే కొంప ముంచింది. ఆమెని సూలో ఆసుపత్రికి చేర్చేదాకా తను నిద్రపోనన్నాడు. "మీరు ముందు నడపండమ్మా, మెల్లగా. పెద్దావిడని కుదపకండి. వెనక నేనొస్తా." లినేయా హడావిడిగా పిల్లవాడికి బూట్లు తొడిగి కారెక్కించింది. దారి పొడుగునా ఆమె వేగం పెంచినప్పుడల్లా వెనక దుంగల లారీ లైట్లు కొట్టి మందలించింది. గోదాము వైపు తిరిగే మలుపు కళ్ళముందే దాటిపోయింది. లారీ వాళ్ళని ఆసుపత్రి గుమ్మందాకా సాగనంపి, అక్కడే ఆగింది. ఐలీ లోపలికి వెళ్ళి, అతను వెళ్ళేదాకా కూర్చోక తప్పలేదు. అతనేమో డాక్టరు ఏమన్నాడో తెలిస్తే గాని వెళ్ళనని, బయట టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆఖరికి నర్సుకి సంగతంతా విప్పి చెప్పుకుంటే, ఆమె నవ్వు బిగబట్టి బయటికి వచ్చి, "బానే ఉన్నారు, మీవల్లే," అని చెప్పాకే అతను కదిలాడు. అప్పటికి పొద్దు వాలింది.

గోదాము చేరేసరికి అక్కడి మనిషి తలుపు దించుతున్నాడు.

"ఆ ఓడకా? అర్ధరాత్రి దాటాక రావాల్సింది, దారిలో పొగమంచు లేక ముందే వచ్చేసింది. సరుకుల పడవ దాని దగ్గరికి వెళ్ళి తిరిగి కూడా వచ్చేసిందమ్మా. ఇప్పుడది లాకులోకి వస్తూ ఉండాలి."

లినేయా ఒక చంకలో పిల్లవాడు, ఇంకో చేతిలో పెట్టెతో లాకు పక్కనున్న పార్కు వైపు పరుగెత్తింది. వెనక ఐలీ, ఇప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిలా కాకుండా, ఆమె కన్నా ముందు చేరింది.

ఓడ అప్పటికే లాకులో, అంటే ఓడల్ని ఎగువ నీళ్ళ నుంచి దిగువకి దించే రెండు తలుపుల కాలువలో, ఉంది. కంచెకి అవతల, చెయ్యి చాపితే అందుతుందేమో అన్నంత దగ్గరలో, తుప్పు రంగు గోడలా. పైన అంచు దగ్గర చేతిలో మోకుతో ఒక మనిషి కింద నీళ్ళకేసి చూస్తున్నాడు. ఎందుకో తలెత్తాడు. రేనో. కంచె దగ్గర నిలబడినవాళ్ళు ఎవరో తెలియడానికి అతనికి కాసేపు పట్టింది. ఈ వేళకి వాళ్ళు ఇంట్లో భోంచేస్తూ ఉండాలి కదా.

లాకులో నీళ్ళు తగ్గడం మొదలైంది. ఓడ నిమ్మళంగా కిందికి దిగుతోంది.

"ఫొటోలు పోయాయి," అని అరిచింది లినేయా. పొద్దుటి నుంచి గొంతులో ఉన్న మాట అదొక్కటే. "అన్నీ పోయాయి రేనో, వాడు ఇసుకలో నడిచినవి, అన్నీ."

"నావల్లే," అని అరిచింది ఐలీ.

చంకలో ఓస్కర్ గింజుకున్నాడు. చేతులు నొప్పి పుట్టి లినేయా వాణ్ణి దించింది. ఇంకెందుకు నడుస్తాడు అనుకుంది. వాడు ఓడని చూశాడు. అంత పెద్దది కదలడం వాడు ఎప్పుడూ చూడలేదు. చేతులు రెండూ గాలిలోకి లేపి, అడుగు వేశాడు. తడబడ్డాడు. ఇంకో అడుగు. పడతాడని లినేయా వంగబోతే ఐలీ ఆమె చెయ్యి పట్టి ఆపింది. వాడు ఎవరినీ పట్టుకోకుండా కంచెదాకా నడిచి, తీగల్లో వేళ్ళు దూర్చి నిలబడ్డాడు.

రేనో మోకు వదల్లేదు, కళ్ళు కూడా ఆర్పలేదు. ఓడతోపాటు దిగుతూ దిగుతూ, అతని ముఖం ఓస్కర్ ముఖానికి ఒకే ఎత్తులోకి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నీళ్ళు అక్కడే ఆగిపోతే బావుండునని లినేయాకి అనిపించింది. నీళ్ళు ఆగలేదు. రేనో చూపు కొడుకు ముఖం మీంచి కాళ్ళ మీదికి దిగింది.

"వాడి బూట్లు తారుమారయ్యాయి," అన్నాడు.

లినేయా కిందికి చూసింది. నిజమే. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. ఆమె మళ్ళీ తలెత్తేసరికి రేనో టోపీ ఒక్కటే కనబడుతోంది, అదీ కళ్ళ మీదికి లాగి ఉంది.

ఇన్ని నెలల తర్వాత తండ్రి కొడుకుని చూసి అన్న మాట అదొక్కటే. లహ్తీ వారింట్లో దీన్నే ముద్దులాడడం అంటారు.